తడి చెయ్యి తగిలిన మోటారు నూనె

పడవ మోటారులో పోసే నూనె ఎన్నేళ్ళు నిలవ ఉంటుందని ఇప్పటి కుర్రాళ్ళు నన్ను అడుగుతూ ఉంటారు. వాళ్ళ చేతిలో ఏ పెదనాన్న షెడ్డులోనో దొరికిన తుప్పు డబ్బా ఉంటుంది. పారెయ్యడానికి మనసొప్పదు, మోటారులో పొయ్యడానికి ధైర్యం చాలదు. నేను డబ్బా మూత చూస్తాను, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను, ఆ తర్వాత "దీన్నెవరైనా శ్రద్ధగా చూసుకున్నారా?" అని అడుగుతాను. లేదు తాతా, ఎక్కడో మూల పడి ఉంది అంటే నిశ్చింతగా పోసుకోమంటాను. శ్రద్ధగా చూసుకున్నారంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను.

ముసలాడికి మతి చలించిందని వాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. చూసుకోనివ్వండి. ఈ చిన్న ముక్క నేర్చుకోవడానికి నేను చేతిలో ఉన్న పని పోగొట్టుకున్నాను, చేతకాని మెకానిక్కునని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఇప్పటికీ పోలేదు. అందుకని ఆ సంగతంతా ఒకసారి కాగితం మీద పెడుతున్నాను. ఎవరి పేర్లూ చెప్పను. వాళ్ళలో చాలామంది పోయారు, పోని ఒకరిద్దరు నాకన్నా గట్టిగా ఉన్నారు.

మా చెరకు ఎస్టేటు సాంత్ర్ ద ఫ్లాక్ అనే ఊరు దాటాక, చెరకు అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఉండేది. పెద్ద యుద్ధానికి ముందు, అప్పటి దొర పడవకు వెనక తగిలించే మోటారు ఒకటి ఓడ మీద తెప్పించాడు. దానితో పాటు టంకం వేసి మూసిన నూనె డబ్బాలు రెండు డజన్లు వచ్చాయి. ఆ రకం మోటారుకు నూనె విడిగా పొయ్యరు. పెట్రోలులో కలిపి పోస్తే అది లోపలికెళ్ళి ఇనుముకు ఇనుము ఒరుసుకోకుండా కాపాడి, ఆ తర్వాత తనూ కాలిపోతుంది. దొర ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా మోటారును తన చేత్తోనే తగిలించాడు. మరలు బిగించడం మాత్రం మరిచిపోయాడు. చక్రం తిప్పగానే మోటారు బ్రహ్మాండంగా పనిచేసి, పడవను అక్కడే వదిలేసి, తానొక్కటే సముద్రంలోకి దూకింది. మళ్ళీ ఎవరికీ దొరకలేదు. నూనె డబ్బాలు రెండు డజన్లూ మిగిలిపోయాయి.

అవి ఎస్టేటు స్టోరుకు చేరాయి. స్టోరును మేము మగజేన్ అనేవాళ్ళం. దాన్ని చూసుకునే పెద్దాయన్ని నేను మావా అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, మా నాన్నా ఆయనా ఎస్టేటు కూలీల క్యాంపులో ఒకే వరస గదుల్లో పెరిగారు, అంతే. సన్నటి మనిషి. మొలతాడుకు తాళంచెవి, భుజాన తువ్వాలు. ఆ తువ్వాలు చెమట తుడుచుకోవడానికి కాదు, చేతులు తుడుచుకోవడానికి. ఆయన రోజుకు ఎన్నిసార్లు చేతులు తుడుచుకునేవాడో లెక్క లేదు.

కారణం నూనె. డబ్బాలు వచ్చిన కొన్నాళ్ళకే సముద్రపు గాలికి బయట తుప్పు పట్టడం మొదలైంది. పైనే ఇలా ఉంటే లోపల నూనె గతేమిటని మావకు బెంగ పట్టుకుంది. వాళ్ళమ్మ ఆవకాయ పెట్టేటప్పుడు ఏం చేసేదో అదంతా గుర్తు తెచ్చుకున్నాడు. చీనా దుకాణానికి ఉప్పు నిమ్మకాయలు వచ్చే గోధుమ రంగు జాడీలను అడిగి తెచ్చాడు. కడిగాడు, మూడు రోజులు ఎండబెట్టాడు, స్నానం చేసి వచ్చి డబ్బాల టంకం విప్పి నూనెను జాడీల్లోకి వంచాడు. మూతులకు తెల్లగుడ్డ వేసి వాసెన కట్టాడు. తడి చేతులతో ఎవరూ ఆ గదిలోకి రాకూడదన్నాడు. ఏటా కోతల కాలంలో, వానలుండవు కనక, వాసెన విప్పి జాడీలకు ఎండ చూపించేవాడు. పొడి తెడ్డుతో కలియబెట్టి, మంచు పడకముందే లోపల పెట్టేసేవాడు.

అంత ప్రేమ ఆ నూనెకు ఎంత కీడు చేసిందో మీరు ఇప్పటికే గ్రహించి ఉంటారు. మా వైపు గాలిలో సగం నీళ్ళే. గుడ్డలోంచి ఆ తేమ రాత్రీ పగలూ లోపలికి దిగింది. కోతల కాలమంటే ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి నల్లటి మసి తునకలు ఊరంతా రాలే కాలం. సరిగ్గా అప్పుడే మావ మూతులు విప్పి పెట్టేవాడు. ఇలా యుద్ధం మొదలైంది, ముగిసింది, దొర మారాడు, జాడీలు మాత్రం ఏటేటా ఎండ చూస్తూనే ఉన్నాయి.

కొత్త దొర, మేమంతా మిస్యే అని పిలిచే మనిషి, కొత్త మోటారు తెప్పించాడు. దానితో నూనె రాలేదు. అది ఆరు నెలల దూరంలో ఎక్కడో ఉంది. దొర దిగాలుగా నిలబడ్డప్పుడు మావ ముందుకొచ్చి, నూనె ఉంది మిస్యే, తొమ్మిదేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నాను అన్నాడు. ఆయన జీవితంలో అంతకన్నా గొప్ప రోజు లేదని తర్వాత నాతో ఎన్నోసార్లు చెప్పాడు. ఫ్యాక్టరీ మరమ్మతుల షెడ్డులో లేతు మీద పనిచేస్తున్న నన్ను పిలిచి మోటారు అప్పగించారు. నాకు ముప్పై నిండలేదు, కొత్తగా పెళ్ళయింది. కాళ్ళు నేల మీద ఆనలేదు.

నూనె కోసం వెళితే మావ నియమాలు ఎలా ఉండేవో చెప్పాలి. ముందు నా అరచేతులు చూసేవాడు. తర్వాత తానే కొలిచి, డబ్బా గడప మీద పెట్టేవాడు. నూనె చేతిలోంచి చేతికి ఇవ్వకూడదు కదా, ఆయన పెట్టి చెయ్యి తీశాక నేను తీసుకోవాలి. శనివారం అసలు ఇవ్వడు. శనివారం పూట ఇల్లు దాటే నూనెతో శని కూడా వస్తుందని ఆయన నమ్మకం. దొరకు శనివారమే షికారు బుద్ధి పుట్టేది. నేను శుక్రవారం నాడే తెచ్చి దాచుకోవడం అలవాటు చేసుకున్నాను.

మోటారు మొదట్నుంచీ దగ్గుతూనే ఉంది. గొట్టాలు విప్పి ఊదేవాణ్ణి, నీళ్ళ బొట్లు, మసి రాలేవి. జాడీల్లో పైన తేలిన నూనె కాస్త నయమో ఏమో, ఎలాగో నడిచింది. ఒక ఆదివారం మాత్రం, దొర తెల్ల సూటు తొడుక్కుని కూర్చుని ఉండగా, ఒడ్డుకూ పగడపు గట్టుకూ సరిగ్గా నడిమధ్య ఆగిపోయింది. ఆ రోజుల్లో చక్రం మీదున్న పిడి పట్టుకుని తిప్పి మోటారు లేపాలి. అది ఎదురు తిరిగి వేళ్ళ కణుపుల మీద కొట్టేది. గంటసేపు తిప్పాను, గంటసేపు దెబ్బలు తిన్నాను. చివరికి ఒక చేపల పడవవాడు గడకర్ర వేసుకుంటూ వచ్చి మా పడవను తాడుతో లాక్కెళ్ళాడు. చర్చి వదిలి వస్తున్న జనమంతా ఒడ్డున నిలబడి చూశారు. దొర గొడుగు కింద కదలకుండా కూర్చున్నాడు. ఆయన మెడ మాత్రం ఎర్రబడుతూ వచ్చింది.

మర్నాడు ఆఫీసుకు మా ఇద్దరికీ పిలుపు వచ్చింది.

"దెల్విల్ లా బోన్, ఊబియేన్ పా బోన్?" అన్నాడు దొర. నూనె మంచిదా, కాదా అని.

తగాదా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. నూనె చెడిపోయి ఉంటే తప్పు మావది. నూనె మంచిదైతే తప్పు నాది. మావకు ఆ డిసెంబరుతో పని ముగుస్తుంది. మచ్చ లేకుండా దిగిపోయిన స్టోరు మనిషికి ఎస్టేటు ఇల్లు బతికినంత కాలం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. మచ్చపడి దిగితే వారంలో ఖాళీ చెయ్యాలి. వసారా, రెండు గదులు, వెనక వంటిల్లు, అంతే ఆ ఇల్లు. మావకూ అత్తకూ పిల్లలు దక్కలేదు. ఉన్నదల్లా అదే. నాకిదంతా తెలుసు. తెలిసీ నూనె చెడిపోయిందని గట్టిగా చెప్పాను, ఎందుకంటే అది నిజం, పైగా నా వేళ్ళు ఇంకా వాచి ఉన్నాయి.

దొర తీర్పు తాను చెప్పకుండా నిపుణులను పిలిపించాడు. ఒకాయన మా ఫ్యాక్టరీ రసాయన పరీక్షకుడు. చెరకు రసంలో తీపి ఎంతుందో చూడడం తప్ప ఆయనకు మరో పని తెలియదు. ఇంకొకాయన ఫ్లాక్ వైపు పిల్లలకు తెలుగు చదువు చెబుతూ భజనలు నడిపించే మాస్టారు. నూనెకూ మాస్టారికీ సంబంధమేమిటంటే, జాడీల మీద మావ తెలుగులో చీటీలు అంటించాడు, దొరకు వాటిలో ఏముందో తెలియాలి.

మాస్టారు కండువా సర్దుకుని జాడీల వరస ముందు నిలబడి, పురాణం చదివినట్టు రాగం తీస్తూ చదివాడు.

"ఒకటో జాడీ. పుష్యమి నాడు పోసినది. తొమ్మిది మార్లు ఎండ చూసినది. ఏ జబ్బూ లేదు. రెండో జాడీ. కొంచెం చిక్కబడినది. ఆందోళన లేదు. మూడో జాడీ. గాలివాన నాడు భయపడినది. ఇప్పుడు కులాసా."

ప్రతి ముక్కనూ మాస్టారు ఫ్రెంచిలోకి మార్చి చెబుతుంటే దొర పెన్సిలు పట్టుకుని రాసుకున్నాడు. మూడో జాడీ దగ్గర పెన్సిలు ఆగింది గాని, మళ్ళీ కదిలింది.

"మరి మీ అభిప్రాయం?" అన్నాడు దొర.

"పాత నెయ్యి ఎంత పాతదైతే అంత మందు అని మా వైద్యంలో ఉంది మిస్యే. తొమ్మిదేళ్ళ నూనె అంటే ఇప్పుడిప్పుడే పక్వానికి వస్తోందన్నమాట" అన్నాడు మాస్టారు.

పరీక్షకుడు గాజు గొట్టంలో నూనె పోసి, తన యంత్రంలో పెట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. చివరికి నిటారుగా లేచి, ఇందులో చక్కెర బొత్తిగా లేదు, చక్కెర లేనిది పులిసే ప్రశ్నే లేదు, పులవనిది చెడదు అని ప్రకటించాడు. దొర ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

నేను ఊరుకోలేకపోయాను. స్పిరిటు దీపం మీద ఇనుప గరిటె పెట్టి రెండు చుక్కల జాడీ నూనె వేశాను. చిటపటమని ఎగిరింది. శుద్ధమైన నూనె కాగితే పొగ వస్తుంది గాని చిటపటలాడదు. లోపల నీళ్ళున్నాయి కనకే ఆ చప్పుడు.

"వినండి! నీళ్ళు!" అని అరిచాను.

మావ నా వంక జాలిగా చూశాడు. "ఓరి అల్లుడూ, తిరగమోత ఎప్పుడూ ఇన్నేదేటి? ఏ నూనైనా అలాగే మాటాడతాది."

"గరిటె తడిగా ఉంది" అన్నాడు పరీక్షకుడు. అందరూ గరిటె వంక అసహ్యంగా చూశారు. నా చేతుల వంక కూడా చూశారు.

అయినా దొర న్యాయమైన మనిషి. మాటలతో తేలదు, పడవతోనే తేల్చుదాం అన్నాడు. శనివారం పొద్దున జాడీ నూనెతో మోటారు నడపాలి, ఎదురుగా ఉన్న చిన్న దీవి దాకా వెళ్ళి తిరిగి రావాలి. అందరూ పడవలోనే ఉండాలి. వస్తే నూనె మంచిది. ఆగితే నూనె చెడ్డది.

"సామ్దీ పా దోన్ దెల్విల్, మిస్యే" అన్నాడు మావ చేతులు కట్టుకుని. శనివారం నూనె ఇవ్వరని. తన ఇల్లు ఊగుతున్నప్పుడు కూడా ఆయన పట్టు వదల్లేదు. దొర ఏదో మతమనుకుని, సరే శుక్రవారమే ఇచ్చెయ్యి అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మావ తలస్నానం చేసి వచ్చి, అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న జాడీలోంచి కొలిచి, డబ్బా గడప మీద పెట్టాడు.

"అల్లుడూ, నీ మీద నాకు కోపం లేదు. కుర్రోడివి, నేర్సుకుంటావు" అన్నాడు.

ఆ ముక్కకు నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం ఉందంటే భరించేవాణ్ణి. పడవల పాకకు తీసుకెళ్ళి ఆ నూనెను గాజు గ్లాసులో పోసి చూశాను. అడుగున నీళ్ళు ముత్యాల్లా కూర్చున్నాయి, వాటి మధ్య మసి. దీనితో మోటారు పాక దాటినా గొప్పే. నాకు హాయిగా అనిపించింది. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నానని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

శనివారం తెల్లవారాక, ఇంకా ఎవరూ రాకముందు, పాక గుమ్మంలో అత్త కనిపించింది. మావ భార్య. చేతిలో వెడల్పాటి అల్లిక బుట్ట, దాని నిండా ఆకుకూర కట్టలు. బజారుకు పోతోందనుకున్నాను. ఆవిడ గుమ్మంలోనే కూర్చుంది.

"అల్లుడూ, ఆ జాడీ నూనెతో బాతో నడుస్తాదా?" పడవను ఆవిడ బాతో అనేది.

"నడవదు అత్తా."

"మీ మావకి తెల్దు."

"చెప్పాను. వినడు."

"నాకు తెల్సు, ఇనడు. ముప్పయ్యేళ్ళ నుంచి సూస్తన్నాను." ఆవిడ ఆకుకూర కట్టలు పక్కకు తీసింది. కింద రెండు నూనె డబ్బాలున్నాయి. తుప్పుతో ఎర్రగా ఉన్నాయి గాని టంకం చెక్కుచెదరలేదు.

"ఇవెక్కడివి?"

"నాను పాడుసేసినయి. డబ్బాలొచ్చిన కొత్తలో బట్టలుతుకుతూ ఆయన్ని బువ్వకి పిలవడానికి ఎల్లాను. తడి సెయ్యి మూడు డబ్బాలకి తగిలింది. ఇంక సూసుకో, ఆ మూడూ సచ్చిపోయినట్టే అన్నాడు. జాడీల్లోకి పొయ్యనియ్యలేదు. ఇంటెనక సూరుకింద పడేసేడు. ఒకటి నాను ఇప్పుకుని కుట్టు మిషనుకేసుకుంటన్నాను. ఇన్నేళ్ళూ ఏటీ కాలేదు. ఇయ్యి రెండూ అలాగే ఉన్నాయి."

నేను చాకుతో ఒక డబ్బా టంకం కోశాను. పల్చటి తేనె రంగు, అడుగు దాకా తేట. గరిటె కాల్చి రెండు చుక్కలు వేశాను. పొగ లేచింది. చప్పుడు లేదు. తొమ్మిదేళ్ళు చూరు కింద, ఎండకూ వానకూ ఓర్చి, ఎవరూ కన్నెత్తి చూడకుండా ఉన్న నూనె నిన్న డబ్బాలో పోసినట్టుంది.

ఇక్కడ నేను గొప్పవాణ్ణని అనుకోవద్దు. మనసులో లెక్క వేసుకున్నాను. ఈ నూనె పోస్తే పడవ వెళ్ళి వస్తుంది. వస్తే జాడీ నూనె మంచిదని తేలుతుంది. అప్పుడు ఆదివారం నాటి తప్పు నా మెడకు చుట్టుకుంటుంది. అత్తకు కూడా ఆ సంగతి తెలుసు.

"మరి నీకేటవుద్ది?" అంది.

"ఏమో అత్తా."

ఆవిడ ఏడ్చి ఉంటే నేను కాదనేవాణ్ణి. ఏడుపుకు నేను మొండికేసే రకం. ఆవిడ ఏడవలేదు, బతిమాలలేదు, ఆకుకూర కట్టలు మళ్ళీ ఒక్కొక్కటే సర్దుకుంటూ కూర్చుంది. ఇల్లు పోతే ఆ కూర పెరిగే నేల కూడా పోతుంది. నాకు చేతులున్నాయి, ఎక్కడైనా లేతు ఉంటుంది అనుకున్నాను. మావ కొలిచిన డబ్బా తీసి ఆవిడ బుట్టలో పెట్టాను. చూరు కింది నూనె పెట్రోలులో కలిపాను. ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

ఆ ఉదయం ఆ మోటారు నడిచినట్టు మళ్ళీ ఎన్నడూ నడవలేదు. నా ఎదురుగా దొర, పక్కన గడియారం పట్టుకుని పరీక్షకుడు, మధ్యలో కండువా తలకు చుట్టుకున్న మాస్టారు, పడవ ముందు కొసన మావ. మావకు సముద్రమంటే భయం. అయినా కళ్ళు మూసుకోలేదు. పిడి పట్టి ఒక్క తిప్పు తిప్పాను, మోటారు లేచింది, దీవి దగ్గర తిరిగింది, దగ్గనైనా దగ్గలేదు. తిరుగుదారిలో మాస్టారు గోవిందనామం అందుకున్నాడు. పరీక్షకుడు తాళం వేశాడు. దొర నవ్వాడు. నా చేతి కింద మోటారు అంత అందంగా పాడుతుంటే ఏ మెకానిక్కూ అంత దిగులుగా ఉండి ఉండడు.

"సూసినావా అల్లుడూ, నూనెది తప్పు కాదు" అన్నాడు మావ వెనక్కి తిరిగి. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. తువ్వాలుతో తుడుచుకుని, వెంటనే చేతులు కూడా తుడుచుకున్నాడు.

ఒడ్డున దొర నన్ను అడిగాడు, అయితే ఆదివారం ఏం జరిగింది అని. మర ఒకటి సరిగ్గా బిగించలేదు, తప్పు నాదే అన్నాను. ఆయన మెడ మళ్ళీ ఎర్రబడింది. మావను ఆఫీసులోకి పిలిచి తలుపేసుకున్నాడు. నేను మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తీసి దొర నా శిక్ష చెప్పాడు. మోటారు ఇక నాది కాదు. సోమవారం నుంచి నేను మగజేన్‌లో మావ దగ్గర పనిచెయ్యాలి, వస్తువును ఎలా చూసుకోవాలో ఆయన దగ్గర నేర్చుకోవాలి. వెళ్ళగొడతాడనుకున్నవాణ్ణి, దొర మనసు మెత్తన అనుకున్నాను.

మోటారు పరీక్షకుడి చేతికి వెళ్ళింది. జాడీ నూనెతో రెండో వారంలోనే ఆగింది. నేను పాడుచేసి వదిలిన మోటారు కదా, ఆగక ఏం చేస్తుంది అన్నారు. ఇంతలో కొత్త నూనె డబ్బాలు ఓడ దిగాయి. మావ అప్పటికే కొత్త జాడీలు కడిగి ఎండబెట్టి సిద్ధంగా ఉన్నాడు. నేను రాత్రంతా ఆలోచించినట్టు నటించను, ఆ ఉపాయం అక్కడికక్కడే తట్టింది. కుళాయి కింద చేతులు తడిపి, ఒక్కో డబ్బా మీదా రెండు అరచేతులూ ఆనించాను.

మావ గుండె ఆగినంత పనైంది. "సచ్చినోడా! అన్నీ ముట్టేసినావా!" అని కేకలేశాడు. డబ్బాలన్నీ మైలపడ్డాయి. జాడీలకు ఎక్కకుండా వెనక చూరు కిందికి పోయాయి. అక్కడ క్షేమంగా ఉన్నాయి. మోటారుకు మావ చూడకుండా వాటిలోంచే తీసి ఇచ్చేవాణ్ణి, అది నడిచేది, జాడీలకు పేరొచ్చేది. డిసెంబరులో మావ పని దిగిపోయాడు, ఇల్లు నిలిచింది, స్టోరు నా చేతికి వచ్చింది. ఆయన మాత్రం రోజూ రావడం మానలేదు. ప్రతి పొద్దునా వచ్చి గడప అవతల స్టూలు వేసుకుని నన్నే చూస్తూ కూర్చునేవాడు. డబ్బాలు వచ్చిన ప్రతిసారీ నేను తడి చేతులు పెట్టేవాణ్ణి, ఆయన వణికిపోతూ తిట్టేవాడు. మొహం పాలిపోయేది. నూనె మీద ఇంత పిచ్చేమిటని ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వుకున్నాను. ఇలా పన్నెండేళ్ళు గడిచాయి.

ఆయన మంచం పట్టినప్పుడు చూడడానికి వెళ్ళాను. ఆ ఇంట్లోనే, ముందు గదిలో, కిటికీ పక్కన పడుకుని ఉన్నాడు. అత్త గంజి గిన్నె పట్టుకుని తలవైపు నిలబడింది. మావ నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అల్లుడూ, నీకోమాట సెప్పలేదు. ఆ సనివారం నాడు మిస్యే నిన్ను ఎస్టేటు నుంచి ఎల్లగొట్టేస్తానన్నాడు. పెళ్ళయినోడు, ఎక్కడికి పోతాడని నానడ్డం పడ్డాను. ఇనలేదు. అప్పుడు నా ఇల్లు పూచీ పెట్టేసేను. ఈడు నా కిందుంటాడు, ఈడివల్ల ఒక్క సరుకు పాడయితే నా ఇల్లు తీసేసుకో అన్నాను."

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను.

"అందుకే రోజూ వచ్చి కూకునేవోణ్ణి. నువ్వు తడి సెయ్యి పెట్టిన పెతిసారీ, అయిపోయింది, ఇల్లు పోయింది అనుకునేవోణ్ణి. దీనికి కూడా సెప్పలేదు, బెంగెట్టుకుంటాదని."

అత్త గంజి గిన్నె కింద పెట్టింది. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూసి, వద్దని తల అడ్డంగా ఊపింది. పన్నెండేళ్ళు ఆ మనిషిని ప్రతి ఓడకూ ఒకసారి చంపానన్నమాట. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయన చెయ్యి పట్టుకుని, "నాదే తప్పు మావా, క్షమించు" అన్నాను.

"ఏడవకురా" అన్నాడు మావ, నన్ను ఓదారుస్తూ. "పని రాకపోతే రాకపోయింది. ఇల్లు ఉంది కదా."